ముదురు రంగు స్ఫటికం మసకగా ఎందుకు వెలిగింది: పొటాషియం క్లోరైడ్‌లో ఎఫ్ సెంటర్ల వెలుగు ఆరిపోవడం (క్వెంచింగ్)‌పై ఒక కేస్ స్టడీ

సమీప పరారుణ డిటెక్టర్ల సున్నితత్వాన్ని ఎప్పటికప్పుడు సరిచూసుకోవడానికి మా ప్రయోగశాలలో రంగు ఎక్కించిన పొటాషియం క్లోరైడ్ స్ఫటికాన్ని ప్రామాణిక నమూనాగా వాడుతుంటాం. దానిని ద్రవ నైట్రోజన్‌తో 77 కెల్విన్‌కు చల్లబరిచి 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ కాంతి వేస్తే, 1020 నానోమీటర్ల దగ్గర శిఖరం ఉన్న వెడల్పాటి పట్టీగా వెలుగు వస్తుంది. పాత నమూనా తేమకు మసకబారడంతో కొత్తది తయారు చేయవలసి వచ్చింది. రంగు ఎంత ముదిరితే వెలుగు అంత పెరుగుతుందన్న లెక్కతో ఒక సహోద్యోగి రెండు ముక్కలు సిద్ధం చేశారు. ఒకటి లేత ఊదా రంగుది, ఆరపార చూడగలిగేది. రెండోది దాదాపు నల్లగా కనిపించేంత ముదురుది. రెండూ ఒకే మూల స్ఫటికం నుంచి చీల్చినవే. నమూనాను చల్లగా ఉంచే క్రయోస్టాట్‌లో పెట్టి కొలిస్తే లెక్క తలకిందులైంది. ముదురు ముక్క ఇచ్చిన సిగ్నల్ లేత ముక్క సిగ్నల్‌లో ముప్పయ్యో వంతు కూడా లేదు. కారణం ఏమిటో తేల్చే పని నాకు వచ్చింది.

ఈ స్ఫటికంలో వెలిగేది ఏమిటో ముందు చెప్పుకోవాలి. క్లోరైడ్ అయాను ఉండవలసిన చోటు ఖాళీ అయి, ఆ ఖాళీలో ఒక ఎలక్ట్రాన్ చిక్కుకుంటే దానిని ఎఫ్ సెంటర్ అంటారు. గట్టింగెన్‌లో పోల్ బృందం 1920లలోనే ఈ రంగులను క్రమబద్ధంగా అధ్యయనం చేసింది. ఖాళీలో చిక్కిన ఎలక్ట్రాన్ అన్న నమూనాను డి బోయర్ 1937లో ప్రతిపాదించాడు. చుట్టూ ఉన్న ధన అయాన్లు ఒక పెట్టెలా పనిచేస్తాయి కాబట్టి, అయాన్ల మధ్య దూరం పెరిగేకొద్దీ శోషణ పొడవైన తరంగదైర్ఘ్యాల వైపు జరుగుతుంది. లిథియం ఫ్లోరైడ్‌లో ఈ పట్టీ 250 నానోమీటర్ల దగ్గర అతినీలలోహితంలో ఉంటే, సోడియం క్లోరైడ్‌లో 465 దగ్గర ఉండి స్ఫటికానికి పసుపు ఛాయ ఇస్తుంది. పొటాషియం క్లోరైడ్‌లో గది ఉష్ణోగ్రత వద్ద 560 దగ్గర ఉండి ఊదా రంగు తెస్తుంది, 77 కెల్విన్‌కు చల్లబరిస్తే 540 దగ్గరికి జరుగుతుంది. మా లేజర్‌కు అది చక్కగా అందుతుంది.

రంగు ఎక్కించే పద్ధతిలో కొత్తదనమేమీ లేదు. స్ఫటికాన్ని పొటాషియం ఆవిరిలో అనేక వందల డిగ్రీల వద్ద వేడి చేస్తే, ఆవిరి పీడనానికి తగ్గట్టుగా ఎఫ్ సెంటర్ల గాఢత ఏర్పడుతుంది. ఆ తర్వాత దానిని వేగంగా చల్లార్చాలి. నెమ్మదిగా చల్లారనిస్తే సెంటర్లు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, పొటాషియం సూక్ష్మ కణాలుగా కూడా పేరుకుంటాయి.

గాఢతను తేల్చడం

వెలుగు గురించి ఏ మాటైనా అనేముందు రెండు ముక్కల్లోనూ ఎన్ని సెంటర్లు ఉన్నాయో తెలియాలి. దీనికి స్మకులా సూత్రం సరిపోతుంది. శోషణ శిఖరం ఎత్తు, పట్టీ వెడల్పు, వక్రీభవన గుణకం, ఆసిలేటర్ బలం (ఒక్కో సెంటర్ కాంతిని ఎంత బలంగా పట్టుకుంటుందో చెప్పే అంకె) తెలిస్తే ఘన సెంటీమీటరుకు ఎన్ని సెంటర్లో లెక్క వస్తుంది. పొటాషియం క్లోరైడ్‌కు వక్రీభవన గుణకం 1.49, ఆసిలేటర్ బలం 0.8 దరిదాపు, 77 కెల్విన్ వద్ద అర్ధ ఎత్తు వెడల్పు సుమారు 0.2 ఎలక్ట్రాన్ వోల్టులు. పట్టీని గాసియన్ ఆకారంగా తీసుకుంటే, ఘన సెంటీమీటరుకు 10¹⁷ సెంటర్లున్న స్ఫటికంలో శిఖరం దగ్గర శోషణ గుణకం సెంటీమీటరుకు 55 వస్తుంది.

లేత ముక్కలో ఇబ్బంది లేదు, మిల్లీమీటరు మందం పలకతోనే శిఖరం శుభ్రంగా కనిపించింది. ముదురు ముక్క దగ్గరే చిక్కు వచ్చింది. మిల్లీమీటరు పలకలోంచి శిఖరం దగ్గర కాంతి ఏమాత్రం బయటికి రాదు. స్పెక్ట్రోఫోటోమీటర్ గీసే పట్టీ పైభాగం చదునుగా కోసినట్టు ఉంటుంది, ఆ చదును ఎత్తు స్ఫటికానిది కాదు, పరికరంలోని చెదురు కాంతిది. ఆ ఎత్తునే శిఖరంగా తీసుకుని లెక్కవేసిన నివేదికలు చాలాసార్లు నా చేతికి వచ్చాయి. అందుకని ఘనతలం వెంబడి బ్లేడుతో చీలుస్తూ పోయి, మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న పొరను తీశాం. ఉప్పు జాతి స్ఫటికాల్లో ఈ చీలిక బాగా వస్తుంది, కాకపోతే అంత పలుచని పొర వేలి తడికే పాడవుతుంది కాబట్టి పట్టకారు తప్పనిసరి. దాని ద్వారా శిఖరం అసలు ఎత్తు దొరికింది. లేత ముక్కలో గాఢత సుమారు 2×10¹⁶, ముదురు ముక్కలో సుమారు 8×10¹⁷ అని తేలింది. అంటే గాఢతలో తేడా నలభై రెట్లు.

ముందు జ్యామితి, తర్వాత భౌతికశాస్త్రం

ముదురు ముక్కలో శోషణ గుణకం సెంటీమీటరుకు 450 దరిదాపు కాబట్టి, లేజర్ కాంతి ఉపరితలం నుంచి ఇరవై మైక్రోమీటర్లు దాటేలోపే సగానికి పైగా అయిపోతుంది. మా అమరికలో డిటెక్టర్ లంబకోణంలో ఉండి, పలక మధ్యభాగాన్ని చూస్తోంది. లేత ముక్కలో వెలుగు పుట్టేది అక్కడే. ముదురు ముక్కలో మాత్రం వెలుగంతా ముందు తలానికి అంటుకుని పుడుతుంటే, డిటెక్టర్ చీకటి ప్రదేశాన్ని చూస్తూ కూర్చుంది. పలకను తిప్పి, కాంతి పడే తలాన్నే డిటెక్టర్ చూసేలా అమర్చి, రెండు ముక్కలు శోషించుకున్న కాంతి ఎంతో లెక్కగట్టి సరిచేస్తే ముప్పయ్యో వంతు కాస్తా ఎనిమిదో వంతు అయింది. లేత ముక్క మిల్లీమీటరు మందంలో పడిన కాంతిలో మూడింట రెండు వంతులే పట్టుకుంటుంది, ముదురుది మొత్తం పట్టుకుంటుంది కనుక ఈ సవరణ చేయకుండా పోలిస్తే అర్థం ఉండదు.

పుట్టిన వెలుగు స్ఫటికంలోనే తిరిగి శోషణకు గురవుతోందేమో అన్న సందేహం ఇక్కడ ఎవరికైనా వస్తుంది. సాధారణ రంగు ద్రావణాల్లో గాఢత పెరిగితే జరిగేది అదే. ఎఫ్ సెంటర్ విషయంలో దానికి తావు లేదు. శోషణ 2.3 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటే ఉద్గారం 1.2 దగ్గర ఉంది. ఉత్తేజితమైన ఎలక్ట్రాన్ చుట్టూ ఉన్న అయాన్లు తమ స్థానాలను అంతగా సర్దుకోవడం వల్ల, తీసుకున్న శక్తిలో దాదాపు సగం జాలక (స్ఫటికంలోని అయాన్ల అల్లిక) కంపనాల రూపంలో ఖర్చయిపోతుంది. ఒక ఎఫ్ సెంటర్ విడిచిన ఫోటాన్‌ను పట్టుకునే శోషణ పక్కనున్న మరో ఎఫ్ సెంటర్‌కు లేదు. ఈ విషయాన్ని గుర్తు పెట్టుకోవాలి, కేసు చివరికి దీని మీదే తిరుగుతుంది.

ఎనిమిదో వంతు నుంచి ఐదో వంతుకు

ముదురు ముక్క శోషణ వర్ణపటంలో 800 నానోమీటర్ల దగ్గర చిన్న గుబ్బ ఉంది. పొటాషియం క్లోరైడ్‌లో అది ఎం సెంటర్ జాడ, అంటే పక్కపక్కన చేరిన రెండు ఎఫ్ సెంటర్ల జంట. గది ఉష్ణోగ్రత వద్ద ఎఫ్ పట్టీలో పడే ఏ కాంతికైనా సెంటర్లు అయనీకరణం చెంది, ఖాళీలు కదిలి, జంటలు కడతాయి. ముక్కను హోల్డరులో బిగించేటప్పుడు బల్లదీపం వెలుగుతోందని విచారిస్తే తెలిసింది. గాఢత ఎక్కువున్న స్ఫటికంలో జంటలు కట్టడానికి పెద్దగా సమయం పట్టదు. ఈ ఎం సెంటర్లు రెండు రకాలుగా నష్టం చేస్తాయి. వాటి రెండో శోషణ పట్టీ ఎఫ్ పట్టీ కిందే దాగి ఉంటుంది కనుక ఉత్తేజక కాంతిలో కొంత వాటాను అవి తీసుకుంటాయి. పైగా ఎఫ్ సెంటర్ నుంచి తప్పించుకున్న ఎలక్ట్రాన్‌కు అవి కూడా మజిలీలే.

దీనికి మందు తేలికే. ముక్కను అల్యూమినియం రేకులో చుట్టి, 500 డిగ్రీల సెల్సియస్ వద్ద కొద్ది నిమిషాలు ఉంచి, చీకట్లో రాగి దిమ్మ మీద పడేసి చల్లార్చాం. జంటలు విడిపోయి ఎఫ్ సెంటర్లు మళ్లీ అక్కడక్కడా చెల్లాచెదరయ్యాయి. ఆ తర్వాత క్రయోస్టాట్‌లో బిగించే పనంతా మసక ఎర్ర దీపం కిందే చేశాం. 800 దగ్గరి గుబ్బ పోయింది. వెలుగు ఎనిమిదో వంతు నుంచి ఐదో వంతుకు పెరిగింది, అక్కడితో ఆగింది.

హైడ్రాక్సైడ్ మలినాన్ని కూడా చూడాలి. క్షార హాలైడ్లలో హైడ్రాక్సైడ్ అయాను ఎఫ్ సెంటర్ పొరుగున ఉంటే, ఉత్తేజిత ఎలక్ట్రాన్ శక్తి ఆ అయాను సాగుడు కంపనంలోకి జారిపోయి వెలుగు ఆరిపోతుంది. సయనైడ్ అయానుతో ఇదే జరిగినప్పుడు ఆ కంపనమే 5 మైక్రోమీటర్ల దగ్గర పరారుణ కాంతిగా బయటికి రావడం ముచ్చటైన విషయం, కానీ అది వేరే కథ. హైడ్రాక్సైడ్ ఆనవాళ్లు పొటాషియం క్లోరైడ్‌లో 204 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత పట్టీగానూ, సెంటీమీటరుకు 3640 తరంగ సంఖ్య ప్రాంతంలో సన్నని పరారుణ గీతగానూ కనిపిస్తాయి. రంగు ఎక్కించిన స్ఫటికంలో 214 దగ్గర హైడ్రైడ్ అయాన్ల పట్టీ కూడా రావచ్చు కాబట్టి అతినీలలోహితాన్ని ఒక్కదాన్నే నమ్మడం నాకు ఇష్టముండదు. రెండు చోట్లా చూశాం, రెండు ముక్కల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. ఐదు రెట్ల నష్టాన్ని దీని మీద మోపడానికి వీల్లేదు.

ఇంకో అనుమానం ఉపరితలం మీదికి పోయింది. ముదురు ముక్కలో వెలుగంతా పైపొరలో పుడుతుంది కాబట్టి, తేమ తిన్న పైపొరే దోషి కావచ్చు. దీన్ని తేల్చడానికి ఉత్తేజక కాంతిని శిఖరం నుంచి పట్టీ అంచుకు జరిపాం. అంచులో శోషణ తక్కువ కనుక కాంతి లోతుకు పోతుంది. శోషించిన ప్రతి ఫోటాన్‌కు వచ్చే వెలుగు మాత్రం శిఖరం దగ్గరా అంచు దగ్గరా ఒకటే వచ్చింది. నష్టం లోలోపలంతా సమానంగా ఉందన్నమాట.

ఉష్ణోగ్రత చెప్పింది, క్షీణత చూపింది

ఎఫ్ సెంటర్ వెలుగు ఆరిపోవడానికి పాఠ్యపుస్తకాల్లో ముందుగా కనిపించే కారణాలు రెండు. ఒకటి డెక్స్టర్, క్లిక్, రసెల్ 1955లో చెప్పింది. ఉత్తేజిత స్థితి శక్తి వక్రం, భూస్థితి (అతి తక్కువ శక్తి ఉన్న స్థితి) శక్తి వక్రం కలిసే బిందువు ఎలక్ట్రాన్ ఎగిరి చేరిన ఎత్తుకంటే కింద ఉంటే, జాలకం సర్దుకునే క్రమంలోనే ఎలక్ట్రాన్ వెలుగు లేకుండా భూస్థితికి జారిపోతుంది. కొన్ని క్షార హాలైడ్లలో ఎఫ్ సెంటర్ వెలగకపోవడానికి లేదా నామమాత్రంగా వెలగడానికి ఇదే వివరణ. అయితే అది స్ఫటిక స్వభావానికి సంబంధించింది, గాఢతకు కాదు. లేత ముక్క చక్కగా వెలుగుతోంది కనుక మన కేసులో అది వర్తించదు.

రెండోది ఉష్ణ అయనీకరణం. సర్దుకున్న ఉత్తేజిత స్థితి నుంచి, స్ఫటికమంతా స్వేచ్ఛగా తిరిగే వీలున్న వాహక పట్టీకి ఎక్కడానికి ఎలక్ట్రాన్‌కు పొటాషియం క్లోరైడ్‌లో కావలసింది 0.15 ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపు మాత్రమే. స్వాంక్, బ్రౌన్ 1963లో ప్రచురించిన జీవితకాల కొలతలు ఈ ప్రవర్తనకు మంచి ఆధారం. వికిరణ జీవితకాలం సుమారు 0.6 మైక్రోసెకను, అయనీకరణ ప్రయత్న రేటు సెకనుకు 10¹² స్థాయి అనుకుంటే 130 కెల్విన్ దగ్గర వెలుగు సగానికి పడాలి. 77 కెల్విన్ వద్ద మాత్రం అయనీకరణ రేటు వికిరణ రేటు ముందు పదివేలో వంతు కూడా ఉండదు. మా కొలతల్లో రెండు ముక్కలూ 130 దగ్గర దాదాపు ఒకే తీరున పడిపోయాయి. క్రయోస్టాట్‌లోని నైట్రోజన్‌ను పంపుతో లాగుతూ, అది గడ్డకట్టే 63 కెల్విన్ దాకా దించి చూశాం. ముదురు ముక్క ఐదో వంతు దగ్గరే ఉండిపోయింది. వేడి వల్ల వచ్చిన నష్టమైతే చలికి తగ్గాలి కదా. ఇది ఉష్ణోగ్రతను లెక్కచేయని నష్టం.

తీర్పు చెప్పింది క్షీణత వక్రమే. నానోసెకను లేజర్ పల్సుతో ఉత్తేజపరిచి, వెలుగు కాలంతో ఎలా తగ్గుతుందో లాగ్ స్కేలుపై గీశాం. లేత ముక్కది తిన్నని సరళరేఖ, జీవితకాలం 0.6 మైక్రోసెకను దరిదాపు. ముదురు ముక్క వక్రం మొదట్లో కొండచరియలా కూలి, మా డిటెక్టర్ వేగానికి అందనంత త్వరగా చాలా భాగం పోగొట్టుకుంది. ఆ తర్వాత మిగిలిన తోక మాత్రం లేత ముక్క రేఖకు దాదాపు సమాంతరంగా సాగింది. ఈ ఆకారాన్ని తొందరపడి చదివితే రెండు రకాల సెంటర్లు ఉన్నాయనిపిస్తుంది. కానీ ఉన్నది ఒకే రకం, పొరుగు మాత్రమే వేరు. ఎవరికి దగ్గరలో మరో ఎఫ్ సెంటర్ ఉందో వారు వెంటనే ఆరిపోయారు, ఎవరికి లేదో వారు పూర్తి ఆయుష్షు బతికారు.

సాధారణ ఫాస్ఫర్లలో (వెలుగునిచ్చే పదార్థాల్లో) గాఢత పెరిగితే శక్తి ఒక సెంటర్ నుంచి మరో సెంటర్‌కు గెంతుతూ పోయి, చివరికి ఏదో మలినం దగ్గర ఆరిపోతుంది. అక్కడ మొత్తం జీవితకాలమే కుదించుకుపోతుంది. ఎఫ్ సెంటర్‌లో ఆ గెంతుకు దారి లేదని పైన చూశాం, ఉద్గార శక్తికి తగిన శోషణ పొరుగు సెంటర్‌కు లేదు. శక్తి కదలలేనప్పుడు కదిలేది ఎలక్ట్రాన్ తానే. ఉత్తేజితమైన సెంటర్‌లోని ఎలక్ట్రాన్ పొరుగున భూస్థితిలో ఉన్న ఎఫ్ సెంటర్‌కు టన్నెలింగ్ ద్వారా, అంటే మధ్యనున్న శక్తి అడ్డుగోడను ఎక్కకుండానే దాటి, చేరి, రెండు ఎలక్ట్రాన్ల ఎఫ్ ప్రైమ్ సెంటర్‌ను చేస్తుంది, వెనుక ఒక ఉత్త ఖాళీ మిగులుతుంది. దగ్గరి జంటల్లో ఆ ఎలక్ట్రాన్ మళ్లీ టన్నెలింగ్‌తోనే వెనక్కి వచ్చేస్తుంది, స్ఫటికం ఏమీ జరగనట్టే ఉంటుంది, ఫోటాన్ మాత్రం రాదు.

అంత దూరం టన్నెలింగ్ ఎలా సాధ్యమన్న ప్రశ్నకు జవాబు ఆ 0.6 మైక్రోసెకనులోనే ఉంది. శోషణ అంత బలంగా ఉన్న సెంటర్ మామూలు లెక్క ప్రకారం కొన్ని పదుల నానోసెకన్లలో వెలుగు విడవాలి. అంతకు ఎన్నో రెట్లు ఆలస్యం చేస్తోందంటే, జాలకం సర్దుకున్నాక ఉత్తేజిత ఎలక్ట్రాన్ ఖాళీని దాటి అనేక అయాన్ల దూరం పలుచగా పరుచుకుని, భూస్థితితో అతివ్యాప్తి కోల్పోయిందని అర్థం. 0.15 ఎలక్ట్రాన్ వోల్టుల బంధంతో వేలాడే ఎలక్ట్రాన్ తరంగం దూరాన ఉన్న పొరుగును తాకడంలో ఆశ్చర్యం లేదు. జీవితకాలం పొడవడమూ, గాఢతకు వెలుగు ఆరడమూ ఒకే కారణానికి రెండు ముఖాలు.

టన్నెలింగ్ రేటు దూరంతో ఘాతీయంగా పడిపోతుంది కాబట్టి ఒక హద్దు దూరం లోపల పొరుగు ఉంటే చావు, బయట ఉంటే బతుకు అని స్థూలంగా అనుకోవచ్చు. ఆ హద్దును 8 నానోమీటర్లుగా తీసుకుని, సెంటర్లు యాదృచ్ఛికంగా చెదిరి ఉన్నాయని లెక్కవేస్తే, 2×10¹⁶ గాఢతలో నాలుగు శాతం సెంటర్లకే ఆ పరిధిలో పొరుగు దొరుకుతుంది, 8×10¹⁷ లో ఎనభై రెండు శాతానికి దొరుకుతుంది. మిగిలిన పద్దెనిమిది శాతమే మనం చూసిన ఐదో వంతు. ఈ 8 నానోమీటర్లు మా కొలతకు కుదిరేలా నేను ఎంచుకున్న అంకె, విడిగా కొలిచినది కాదు. అయినా జాలక స్థిరాంకం 0.63 నానోమీటర్లతో పోలిస్తే అది పన్నెండు పదమూడు గళ్ల దూరం, అంత పలుచగా పరుచుకున్న స్థితికి అసంగతం కాదు. ఈ నిర్ధారణకు అయస్కాంత క్షేత్రం ఇంకా గట్టి సాక్ష్యం ఇవ్వగలదు. ఎఫ్ ప్రైమ్ భూస్థితిలో రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఎదురెదురుగా ఉండాలి కనుక, ద్రవ హీలియం చలిలో బలమైన క్షేత్రం పెట్టి స్పిన్‌లన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పితే టన్నెలింగ్ అడ్డుపడి ఆరిన వెలుగు కొంత తిరిగి రావాలి. మా దగ్గర ఉన్నది నైట్రోజన్ క్రయోస్టాట్ మాత్రమే కాబట్టి ఆ పరీక్ష చేయలేదు.

నమూనా విషయంలో తీసుకున్న నిర్ణయం

రంగు ముదిర్చి కాంతిని ఎక్కువగా పట్టుకోవాలన్న కోరికలో తప్పు లేదు, దానికి ఎంచుకున్న మార్గంలోనే ఇబ్బంది ఉంది. శోషణ అనేది గాఢత, మందం రెండింటి లబ్ధం. క్వెంచింగ్‌కు మందంతో సంబంధమే లేదు. కాబట్టి 2×10¹⁶ గాఢత ఉన్న లేత స్ఫటికం నుంచే నాలుగు మిల్లీమీటర్ల మందం దిమ్మను చీల్చాం. అది పడిన ఆకుపచ్చ కాంతిలో తొంభై ఎనిమిది శాతం పైగా పట్టుకుంటుంది. ముదురు ముక్క ఎంత శోషిస్తుందో దాదాపు అంతే శోషించి, దానికి ఐదు రెట్ల వెలుగు ఇస్తోంది. వెలుగు పుట్టే లోతు పెరిగింది కనుక డిటెక్టర్ ముందరి లెన్సును ఆ మేరకు జరిపి, ఉత్తేజక తీవ్రతను కూడా తగ్గించాం.

దిమ్మను వాడే ప్రతిసారీ ముందు 800 నానోమీటర్ల దగ్గర శోషణ చూడాలని, గుబ్బ కనబడితే చీకట్లో మళ్లీ వేడిచేసి చల్లార్చాకే కొలతకు దిగాలని నమూనా డబ్బా మీద రాసి పెట్టాం. డబ్బా లోపల నల్ల కాగితం, సిలికా జెల్ పొట్లం ఉన్నాయి. ముదురు ముక్కను పారేయలేదు. దాని నుంచి చీల్చిన పలుచని పొర స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చెదురు కాంతి ఎంత ఉందో పట్టుకోవడానికి పనికొస్తోంది.